బోర్లించని అండా

మద్రాసు వాషర్‌మెన్‌పేట్‌లో మా పక్కింటి సుందరరామమూర్తి బాబాయ్ పెళ్లిళ్లకు వంట చేసేవాడు. పులుసు వాసన చూసి ఉప్పు చాలిందో లేదో చెబుతాడని పేరు. అంతకు మించిన పేరు ధైర్యానికి. అది ఆయనకు ఆయనే పెట్టుకున్నది. శ్మశానం గోడ పక్కన పొయ్యి తవ్వి పాయసం కాచిన కథ ప్రతి పందిట్లోనూ చెప్పేవాడు. "దయ్యమొస్తే ఏం చేస్తానురా? ఆకేసి కూర్చోబెడతా!" అనేవాడు. వెనక లలితాంబ పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. ఎందుకో నాకప్పుడు తెలియదు.

ఆంధ్ర రాష్ట్రం వేరుపడిన ఏడాది కార్తీకంలో మా మేనకోడలు కాంచన పెళ్లి ఎన్నూరు అవతల పెట్టుకున్నాం. వానలకు రోడ్లు మునిగాయి. బియ్యం మూటలు, మనిషి గొంతుక్కూర్చుంటే కనబడనంత రాగి అండా వేసుకుని బాబాయ్, నేను బేసిన్ బ్రిడ్జి దగ్గర కాలవలో కాటయ్య పడవెక్కాం. పొద్దుగూకేలోగా పొయ్యి వెలగకపోతే మగపెళ్లివారు పస్తు పడుకోవాలి. ఆ మాట పడితే బాబాయ్‌ని ఇంకే పందిట్లోకీ పిలవరు.

ఆగని వాన. గట్టు మీద పడవని లాగే మనుషులు వానలో కలిసిపోయారు. ముందుకు సాగిన తాడు మాత్రమే కనిపిస్తోంది. ఎవరు లాక్కుపోతున్నారో తెలియకుండా పోతున్నాం.

మధ్యాహ్నానికి లాకు వచ్చింది. ఇటో జత తలుపులు, అటో జత తలుపులు, నడుమ ఇటుక గోడలు. పడవ లోపలికి పోయాక నీళ్లు వదిలితే మెల్లగా కిందికి దిగుతుంది. అప్పుడు అవతలి తలుపులు తీస్తారు.

కాటయ్య గొంతు తగ్గించాడు. "సామీ, నీళ్లు దిగేటప్పుడు ఈడ ఎవురూ మాట్లాడరు. కరువులో కూటికోసం ఈ కాలవ తవ్వుతా తవ్వుతా పోయినోడు ఒకడున్నాడంట. మాట వినబడితే పలుకుతాడు."

"పలకనీరా. ఆకేస్తా!" అన్నాడు బాబాయ్, కావాలనే గట్టిగా.

వెనక తలుపులు మూసుకున్నాయి. నీళ్లు జారాయి. పాచి పట్టిన గోడలు మా పక్కన పైకి లేచాయి. వెలుతురు పచ్చబడింది. అప్పుడు నెత్తిమీదే ఉరిమింది. కళ్లు తెరిచి చూస్తే బాబాయ్ కూర్చున్న పీట ఖాళీ.

నీళ్లలో పడ్డాడేమోనని పడవ అంచు మీంచి వంగి చూశాను. అరవబోతుంటే మూలుగు వినిపించింది. మాటల్లేవు. నూతి అడుగున ఎవరో ఊపిరి లాగుతున్నట్టుంది.

పైనుంచి లాకు కాపలా వెంకటపతి వంగి చూశాడు. "వచ్చేసినాడు! ఆ మూలుగు ఆగేదాకా తలుపులు తియ్యను."

"పొద్దు పోతా ఉందన్నా!" అన్నాడు కాటయ్య.

"పోనీ. మా నాయన ఒకసారి తీసినాడు. ఆ పడవ బయటికి రాలా."

అప్పుడు చూశాను. వాననీళ్లు నిండకుండా బోర్లించిన అండా అంచు కింద కట్టెపుల్ల అడ్డం పెట్టి ఉంది. ఆ సందులోంచి పసుపు మరకల పంచె కొస. వంగి చెవి పెట్టాను. లోపల "రామ రామ" అని గొణుగుడు.

"బాబాయ్, బయటికి రా."

"ఉరుము పోయిందా?"

"లేదు. కాంచన పెళ్లి పోయేట్టుంది."

గొణుగుడు ఆగింది. ఆ రాగి కింద ఒక మనిషి తన పేరునీ, తన పంక్తినీ పక్కపక్కన పెట్టి చూసుకుంటున్నాడని అర్థమైంది. చివరికి అండా లేచింది. తడిసిన పిలకతో బాబాయ్ నిలబడ్డాడు.

"వెంకటపతీ, దయ్యం కాదయ్యా, నేను. ఉరుమంటే భయం నాకు. ఇంట్లో అయితే మంచం కిందికి పోతా. ఈడ మంచం లేదు."

"అయ్యో సామీ! మరి శ్మశానం పక్కన పాయసం?" అన్నాడు కాటయ్య.

"ఆ రోజు ఉరమలేదురా!"

అందరం నవ్వాం. గోడలు కూడా నవ్వాయి. మేం ఆపాక అవి ఆపాయి. ఆ నిశ్శబ్దంలో మూలుగు మళ్లీ మొదలైంది.

బాబాయ్ నోరు మూసే ఉంది. అండా పక్కకు ఒరిగి ఖాళీగా పడి ఉంది. మూలుగు ముందు తలుపుల కింద నుంచి, మా పాదాల ఎత్తులోంచి వస్తోంది. వెంకటపతి తలుపు మీంచి చెయ్యి తీసేశాడు.

బాబాయ్ మూట విప్పి, దోసెడు బియ్యం తీసుకుని పడవ అంచు మీంచి వంగాడు.

"ఆకు లేదు నాయనా, ఏమీ అనుకోవాకు. ఉడికింది కూడా కాదు. పెళ్లి బియ్యం, కాదనకు."

గింజలు నీళ్లలోకి జారాయి. ఒక్క గుటక వేసినట్టు మూలుగు ఆగిపోయింది. మళ్లీ ఉరిమింది. బాబాయ్ కదల్లేదు. తలుపులు కిర్రుమంటూ తెరుచుకున్నాయి.

ఆ రాత్రి పంక్తి వేళకే లేచింది. బాబాయ్ భయం సంగతి మాత్రం ఎక్కడా పొక్కలేదు. అది చెప్పాలంటే తక్కినదీ చెప్పాలి కదా, కాటయ్యకు అంత ధైర్యం లేదు. నాకూ లేదు.

ఆ పెళ్లి నుంచి వచ్చాక పిన్ని మాత్రం సణిగేది. "తోమిన అండా బోర్లించనివ్వడు. వెల్లకిలా పెట్టి అడుగున గుప్పెడు బియ్యం పోస్తాడు. తెల్లారి చూస్తే గింజ ఉండదు!"

"ఎలుకలేలే," అనేవాడు బాబాయ్, నా వంక చూడకుండా.