తాగి పోయాడన్న మాట

మణెమ్మకి కోపం ముక్కు మీదే ఉంటుందని సున్నపు బట్టీల్లో అందరికీ తెలుసు. పెళ్లయి గురజాల పక్కన ఈ బట్టీలకొచ్చిన నాటి నుంచి రాళ్ల గంప మోస్తూనే ఉంది, ఎవరో ఒకరిని దులిపేస్తూనే ఉంది. నీళ్ల డ్రమ్ము ఖాళీగా కనపడితే ఓనరు కారుకే అడ్డంగా నిలబడేది. ఆమె మొగుడు ఫ్రాన్సిస్ మాత్రం నోట్లో నాలుక లేని మనిషి. బట్టీ పైన నిలబడి ఒక వరస రాయి, ఒక వరస బొగ్గు పరుస్తూ, ఎవరేమన్నా నవ్వి ఊరుకునేవాడు. బాప్తిస్మం తీసుకున్నాక మందు చుక్క ముట్టలేదు. పెళ్లిళ్లలో అందరూ అటు పోతే తను వడ్డనకి పోయేవాడు.

అలాంటి మనిషి డిసెంబరు చలిలో బట్టీ పైన, వెచ్చటి గోడ పక్కన కునుకు తీసి, మళ్లీ లేవలేదు.

ఓనరు ప్రవీణ్ కుమార్ వచ్చి చూశాడు. శవం మొహం ఎర్రగా ఉంది.

"చూడండ్రా, మొహం ఎట్టా ఎర్రబడిందో. ఫుల్లుగా తాగి పడుకున్నాడు" అనేశాడు.

ఫ్రాన్సిస్‌తో పాటు పైన బొగ్గు పరిచే వెంకటేష్ పక్కనే ఉండి తల ఊపాడు. మధ్యాహ్నానికి బట్టీ కూలీల కాలనీ అంతా అదే మాట. బతికినన్నాళ్లూ ఎవరి చేతా మాట పడని మనిషిని చచ్చిన పూటే తాగుబోతుని చేశారు. శవాన్ని ఆస్పత్రికిస్తే కోసేస్తారని భయపెట్టి, తొందరగా పూడ్పించింది కూడా ఆ ఓనరే. మణెమ్మకి ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది.

భూస్థాపన అయ్యాక అసలు సంగతి చెప్పింది జాస్మిన్. మణెమ్మ అక్క కూతురు, నరసరావుపేటలో నర్సు.

"పిన్నీ, ఆ ఎరుపు మందు వల్ల కాదు. బొగ్గుకి గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ అని ఒక గ్యాస్ వస్తది. కంటికి కనపడదు, వాసన రాదు. ఎక్కువ పీల్చినోళ్లు నిద్రలోనే పోతారు. మొహం ఒక్కోసారి అట్టా ఎర్రబడతది."

"ఆ పొద్దు పొగే లేదంట గదే?"

"పొగ ఉంటే బాబాయి దగ్గి లేచేవాడు పిన్నీ."

పొగ లేకపోతే భయం లేదనుకునే బతికారు అందరూ. మణెమ్మకి టార్పాలిన్ పట్టాలు కళ్ల ముందు మెదిలాయి. బొగ్గు తడుస్తోందని బట్టీ పైనున్న రేకుల షెడ్డుకి మూడు పక్కలా పట్టాలు కట్టించింది ప్రవీణ్ కుమారే. బొగ్గు మాత్రం తడవకూడదు, దాని పక్కన మనిషి ఏమైపోయినా ఫర్వాలేదు!

ఫ్రాన్సిస్ జ్ఞాపకంగా పందిట్లో పెట్టిన ఆదరణ కూడికకి ప్రవీణ్ కుమార్ ఇస్త్రీ చొక్కాలో వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. పాస్టరుగారి ప్రార్థన కాగానే మైకు అందుకున్నాడు.

"ఫ్రాన్సిస్ చానా మంచోడు. ఆ ఒక్క అలవాటు లేకపోతే ఇయ్యాల మన మధ్యే ఉండేవాడు."

మణెమ్మ లేచింది. శాంతించమ్మా అన్నారు పాస్టరుగారు. ఎక్కడి నుంచి వస్తుంది శాంతం?

"ఏంది ఆ అలవాటు? పేరు పెట్టి చెప్పయ్యా."

"ఇప్పుడవన్నీ ఎందుకులే మణెమ్మా. ఆ రోజు పొగ కూడా లేదు. ఇంకేం కారణం ఉంటది?"

"పొగ లేదుగా? అయితే ఆ పట్టాల మజ్జన, మా ఆయన పడుకున్న చోటే నువ్వూ ఓ కునుకు తియ్. తెల్లారి నీ మొహం ఎర్రబడితే, నీ పెళ్లాం ముందర నిలబడి నేనూ అంటా, అయ్యగారు తాగి పోయాడని."

ప్రవీణ్ కుమార్ వెనక్కి తిరిగి, "ఒరేయ్ వెంకటేషూ, నువ్వున్నావుగా ఆ రోజు. చెప్పరా, వాడు తాగేవాడా కాదా?" అన్నాడు.

వెంకటేష్ లేచి నిలబడ్డాడు.

"తాగడత్తా. మావ ఏనాడూ తాగలా" అన్నాడు మణెమ్మతో. "పని పోద్దని ఆ పొద్దు తలూపా."

మణెమ్మ విసురుగా ముందుకెళ్లి ఓనరు చేతిలో మైకు లాక్కుంది. తీసుకొచ్చి వెంకటేష్ నోటి ముందు పెట్టింది.

"ఇందులో చెప్పరా. కాలనీ అంతా ఇనాల."