మా ఆయన కట్ట

భవానీపురం వీధుల్లో నేను ఇరవై ఏళ్ళు ఆకుకూరలు అమ్మాను. ఒక్కరినీ మోసం చేయలేదు. కట్టలో లేత ఆకు పైకీ, ముదురు ఆకు లోపలికీ పెట్టడం మోసం కాదు, అది కట్ట కట్టే పద్ధతి. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది నమ్ముతారని చెబుతున్నాను.

మా ఆయన కాలువ లాకుల దగ్గర లస్కరుగా చేసేవాడు. లాకు తలుపులు ఎత్తడం, దించడం, నీటికి అడ్డుపడే గుర్రపుడెక్కను గెడతో లాగి గట్టున వేయడం ఆయన పని. చిన్నతనంలో కీళ్ళ జ్వరం వచ్చిందట. అది కీళ్ళను వదిలేసి గుండెను పట్టుకుంది. రెండువేలు దాటిన కొత్తల్లో ఆయన పది అడుగులు వేయడానికి రెండుసార్లు ఆగేవాడు. ఆసుపత్రిలో ఛాతీ తెరిచి, పాడైపోయిన కవాటం తీసేసి లోహంతో చేసిన కవాటం పెట్టారు. కవాటం అంటే తలుపే. రక్తాన్ని ఒకవైపుకు పోనిచ్చి, వెనక్కి రాకుండా మూసుకునే తలుపు. ఇంటికి తీసుకొచ్చాక ఆయన పక్కన కూర్చుంటే, మనిషి గడియారం మింగినట్టు టిక్కు టిక్కుమని వినపడేది.

“చూశావా, కాలువకే కాదు, నాకూ లాకు పెట్టారు. దీనికి లస్కరువి నువ్వే,” అన్నాడు. “గుర్రపుడెక్క పట్టిందంటే పూచీ నీది.”

ఆయన సరదాకి అన్నాడు గానీ ఉన్న సంగతి అదే. ఒంట్లోది కాని వస్తువు తగిలితే రక్తం దాని మీద గడ్డ కడుతుంది. గడ్డ పెరిగితే తలుపు ఇరుక్కుంటుంది. ముక్క ఊడి తలకెక్కితే పక్షవాతం. అందుకని బతికినంత కాలం రోజూ మాత్ర వేసుకోవాలన్నారు. నెలకోసారి రక్తం తీసి పరీక్ష చేస్తారు. అందులో వచ్చే అంకె రెండున్నరకూ మూడున్నరకూ మధ్య ఉండాలి. తగ్గితే గడ్డ కట్టే భయం. పెరిగితే ఎక్కడైనా రక్తం కారితే ఆగదన్న భయం. రెండు గట్ల మధ్యా నీళ్ళు పారించడమే గనక ఇది మా ఆయనకు నాకంటే ముందే అర్థమైంది.

అందరూ దాన్ని రక్తం పలచబడే మాత్ర అంటారు. నేనూ అలాగే అనుకున్నాను, మజ్జిగలో నీళ్ళు పోసినట్టు. అది తప్పని తర్వాత తెలిసింది.

మాత్ర వేసే పని నేను తీసుకున్నాను. ఆయన చేతికిస్తే ఇవాళ రెండు వేసుకుని రేపు మానేసే రకం. నాకు అక్షరాలు వచ్చింది నలభై మూడో ఏట. తొంభైల్లో మా చర్చి హాల్లో సాయంత్రం పూట పాస్టరమ్మగారు పెద్దవాళ్ళకు చదువు చెప్పేవారు. బైబిలు నా కళ్ళతో నేను చదువుకుందామని చేరాను. చదవడం వచ్చింది. రాయడమూ వచ్చింది గానీ ఏం రాయాలో తోచలేదు. ఉత్తరాలు రాద్దామంటే నా వాళ్ళెవరికీ చదవడం రాదు. అందుకని గోడ మీది క్యాలెండరులో రాసేదాన్ని. అమ్మగా మిగిలిన కట్టలను ఆ రోజు గడిలో వేసేదాన్ని. తోటకూర మిగిలితే ‘తో’, పాలకూర మిగిలితే ‘పా’, మునగాకైతే ‘ము’. మూడు కట్టలు మిగిలితే మూడుసార్లు. మర్నాడు పొద్దున్నే రైతుల దగ్గర ఏది తక్కువ ఎత్తుకోవాలో దాన్ని చూసి తెలుసుకునేదాన్ని.

మాత్రలు మొదలయ్యాక అదే గడిలో పైన సున్నా చుట్టడం మొదలుపెట్టాను. నిండు మాత్రకు నిండు సున్నా, అర మాత్రకు అర సున్నా. మాత్ర ఆయన గొంతు దిగాకే సున్నా. ముందు చుట్టి తర్వాత వేద్దామనే బద్ధకం నాకు లేదు.

మొదటి నెలలు బాగానే గడిచాయి. ఎండాకాలం వచ్చేసరికి అంకె ఒకటి పాయింటు ఆరుకు పడిపోయింది. డాక్టరమ్మగారు చిన్న వయసావిడ, మాటలో మాత్రం పెద్దరికం. మాత్ర పెంచారు. ఒకరోజు ఒకటి, మర్నాడు సగం వేస్తున్నది కాస్తా రోజూ ఒకటి అయింది. వానాకాలానికి అంకె దారిలో పడింది. ఇక ఫరవాలేదనుకున్నాం. కార్తీకంలో ఒకరోజు పొద్దున ఆయన పళ్ళు తోముకుని ఉమ్మితే ఎర్రగా ఉంది.

“వక్క నమిలావా?” అన్నాను.

“పళ్ళు తోముకోకుండా వక్క నమిలేంత షోకు నాకెక్కడిదే.”

ముంజేయి తిప్పి చూస్తే నేరేడుపండు రంగులో అరచేతంత మచ్చ. ఎక్కడా తగల్లేదన్నాడు. పరీక్ష చేయిస్తే అంకె ఐదు పాయింటు ఒకటి.

డాక్టరమ్మగారు కాగితం చూసి, తర్వాత నన్ను చూశారు.

“మాత్రలు ఎవరు ఇస్తున్నారు?”

“నేనేనండి.”

“చదువుకున్నారా?”

“పెద్దయ్యాక చదువుకున్నానండి.”

“ఎండాకాలంలో మాత్రలు సరిగ్గా పడలేదు. ఇప్పుడు ఎక్కువ పడుతున్నాయి. తలలో రక్తం కారిందంటే మనిషి దక్కడు, తెలుసా? రెండు రోజులు ఆపేసి మళ్ళీ రండి. ఈ పని ఇంట్లో బాగా చదువుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళకి అప్పజెప్పండి.”

నేను నోరు మూసుకుని బయటికొచ్చాను. నేను నోరు మూసుకోవడం పెళ్ళయ్యాక అదే మొదటిసారని మా ఆయన దారి పొడుగునా ఆశ్చర్యపోతూనే ఉన్నాడు.

కబురు ఎలా చేరిందో ఏమో, మర్నాడే మైలవరం నుంచి మా వదిన, అంటే మా ఆయన అక్క, బస్సు దిగింది. చేతిలో పెద్ద సంచి, ఖాళీది. తమ్ముడి బట్టలు సర్దుకుపోవడానికి తెచ్చిందని ఆ సంచి చూస్తేనే తెలిసిపోయింది.

“మా కోడలు పది పాసయ్యింది. మాత్రలు అదే వేస్తది. నువ్వు వచ్చెయ్ తమ్ముడూ,” అంది చెప్పులు విడవకుండానే.

“నేను వేస్తానే ఉన్నా గదా వదినా,” అన్నాను.

“వేస్తున్నావు గాబట్టే ఇట్టా అయ్యింది. నిన్నగాక మొన్న అ ఆలు దిద్దినదానివి, నీకు నిండు మాత్రలేంటి, అర మాత్రలేంటి?”

“నువ్వు అవి కూడా దిద్దలేదు గదా అక్కా,” అన్నాడు మా ఆయన.

“అందుకేగా నేనెవరికీ మాత్రలు వెయ్యట్లేదు.”

పైకి అనలేదు గానీ నాకూ అనుమానంగానే ఉంది. ఎండాకాలంలో మాత్రను సగం చేసేటప్పుడు చాకు పక్కకు పోయిందా? ఒక్కరోజైనా వేసింది మరిచి మళ్ళీ వేశానా? ఆయన్ని నా చేతులతో నేనే చంపుతున్నానేమో అన్న ఆలోచన వచ్చాక తట్ట ఎత్తబుద్ధి కాలేదు. ఆ రెండు రోజులూ నా వీధుల్లో వేరే ఆవిడ అమ్ముకుంది.

మళ్ళీ పరీక్షకు బయల్దేరేటప్పుడు క్యాలెండరును మేకు నుంచి తీసి, చుట్టి చంకలో పెట్టుకున్నాను.

“అదెందుకే, డాక్టరమ్మకి ముహూర్తం పెడతావా?” అంది వదిన.

“తప్పు నాదైతే నీ తమ్ముణ్ణి నువ్వు తీసుకుపో. కాకపోతే ఖాళీ సంచితో పో,” అన్నాను.

వదిన కూడా మా వెంట ఆసుపత్రికి వచ్చింది. డాక్టరమ్మగారి బల్ల మీద క్యాలెండరు పరిచాను. ఆవిడ ఒక్కో నెల తిప్పుతూ పెన్ను కొసతో సున్నాలు లెక్కపెట్టారు. మొదట తొందరగా చూశారు. తర్వాత నెమ్మదించారు.

“ఒక్క రోజు కూడా తప్పలేదే.”

“తప్పదండి. మింగాకే చుడతాను.”

“ఈ తో ఏంటి? పా, ము?”

“తోటకూర, పాలకూర, మునగాకండి. నేను ఆకుకూరలు అమ్ముతాను. ఆ రోజు మిగిలిన కట్టలు అవి.”

“మిగిలినవి ఏం చేస్తారు?”

“ఏం చేస్తామండి, వండుకు తింటాం. పారేస్తామా?”

“మొత్తం మీ ఇద్దరేనా?”

“పప్పులో ఒక కట్ట, వేపుడికి ఒకటి, పులుసుకి ఒకటి. ఆయన కాదనకుండా తింటారండి.”

“కాదంటే తట్ట నా నెత్తిన బోర్లిస్తదండి,” అన్నాడు మా ఆయన.

డాక్టరమ్మగారు మే నెల దగ్గర ఆగారు. గళ్ళన్నీ అక్షరాలతో నల్లబడి ఉన్నాయి. “ఈ నెలలో ఎందుకు ఇన్ని మిగిలాయి?”

“కొత్తావకాయ రోజులు గదండీ. అప్పుడు ఆకుకూర ఎవరిక్కావాలి.”

ఆవిడ ఇప్పటి నెల తిప్పారు. సున్నాలు తప్ప గళ్ళన్నీ బోసిగా ఉన్నాయి. “మరి ఇక్కడ ఒక్కటీ లేదేం?”

“కార్తీకమండి. సగం భవానీపురం నీచు మానేసింది. ఎనిమిదింటికల్లా నా తట్ట ఖాళీ. మాకు నిమ్మకాయ పచ్చడే గతి.”

ఆవిడ రక్తపరీక్ష కాగితాలు తీసి, ఏ నెలది ఆ నెల మీద పెట్టుకుంటూ పోయారు. అన్నీ పెట్టాక కుర్చీలో వెనక్కి వాలి నవ్వారు.

“ఆకుకూరల సంగతి మీకెవరూ చెప్పలేదా?”

“కాగితం ఇచ్చారండి. ఇంగ్లీషులో ఉంది. నాకొచ్చింది తెలుగు.”

“నేనూ అడగలేదు,” అన్నారు. ఆ మాట ఆవిడ చిన్నగానే అన్నారు గానీ నాకు వినపడింది.

అప్పుడు కూర్చోబెట్టి చెప్పారు. రక్తం గడ్డ కట్టడానికి కావలసిన సరుకును కాలేయం తయారుచేస్తుంది. దానికి కె విటమిన్ కావాలి. అది ఆకుకూరల్లో దండిగా ఉంటుంది. ఈ మాత్ర ఆ విటమిన్‌ను పని చేయనివ్వకుండా అడ్డుపడుతుంది. అంతే తప్ప రక్తాన్ని పలచన చేయదు. నాకు అర్థమైనట్టు చెప్పాలంటే, ఇది పాలల్లో నీళ్ళు పోయడం కాదు, తోడు తగ్గించడం. పాల చిక్కదనం అలాగే ఉంటుంది, తోడు చాలక పెరుగు ఆలస్యమవుతుంది. మాత్ర తోడు తగ్గిస్తుంటే, ఎండాకాలమంతా నేను మూడు పూటలా తోడు పోశాను. అంకె పడిపోయింది. మాత్ర పెంచారు. పెంచిన మాత్ర పెంచినట్టే ఉండగా కార్తీకం వచ్చి మా పప్పులో ఆకు మాయమైంది. మాత్రకు ఎదురు లేకుండా పోయింది. అది కూడా తిన్న పూటే తెలియదట, రెండు మూడు రోజులు పోయాక బయటపడుతుందట. ఆర్నెల్లుగా మా ఆయన రక్తం నా బేరాన్ని బట్టి నడిచిందన్నమాట.

“అయితే ఆకుకూర మానెయ్యమంటారా?” అంది వదిన.

“వద్దమ్మా. రోజూ తినాలి, రోజూ ఒకే కొలతలో తినాలి. దాన్ని బట్టి మాత్ర మేం సర్దుతాం. తిండి ఊగితే మాత్ర ఏం చేస్తుంది?”

“మరి మాత్రలు ఎవరు వెయ్యాలండి?” అన్నాను.

“మీరే,” అన్నారు. “వచ్చినప్పుడల్లా ఆ క్యాలెండరు తెండి.”

వదినను బస్సెక్కించేటప్పుడు సంచి ఖాళీగా పంపడం ఇష్టం లేక నాలుగు కట్టల గోంగూర వేశాను. కిటికీలోంచి తల బయటపెట్టి, “నాకేం లాకు లేదు గదా, ఎన్నైనా తింటా,” అంది. తమ్ముణ్ణి గానీ, మాత్రలను గానీ మళ్ళీ అడగలేదు.

ఆ మర్నాటి నుంచి తట్ట ఎత్తే ముందు ఒక కట్ట తీసి తడిగుడ్డ చుట్టి పొయ్యి పక్కన పెట్టడం మొదలుపెట్టాను. తట్టలో పది మిగిలినా, ఒక్కటీ మిగలకపోయినా ఆయన పళ్ళెంలోకి ఆ కట్టే. మిగిలినవి పక్కింటి గేదెకు వేసేదాన్ని. రోజూ అదే పప్పు తినలేక ఆయన ముఖం చిట్లించేవాడు. చిట్లించనీ అనుకున్నాను.

పై ఏడు కార్తీకంలో నేను అప్పుడే తట్ట ఖాళీ చేసుకుని ఇంటికొచ్చాను. నా దగ్గర ఎప్పుడూ కొనే ఆవిడ వెనకే వచ్చి గుమ్మంలో నిలబడింది.

“ఉపవాసం విడవాలమ్మా, ఒక్క కట్ట ఇవ్వు. అదుగో, పొయ్యి పక్కన ఉందిగా.”

“అది అమ్మేది కాదండి. మా ఆయనది.”

“ఆయనకి నేను చెప్పుకుంటాలే. ఏమయ్యా, ఒక్క పూట కట్ట ఇచ్చేస్తే ఏం పోతుంది?”

మంచం మీద నుంచి ఆయన తల ఎత్తి, “నన్నడక్కండి. ఇక్కడ లస్కరు ఆవిడ,” అన్నాడు.

ఆవిడ సణుక్కుంటూ వెళ్ళిపోయింది. నేను కత్తిపీట వాల్చుకుని కట్ట విప్పాను. ఆ నెల అంకె రెండు పాయింటు తొమ్మిది.