కొబ్బరినూనె రాసిన రోబో

మా బావమరిది పోయాక వాడి వస్తువులు ఒక్కొక్కటీ ఇల్లు దాటిపోయాయి. బట్టలు తీసుకునేవాళ్లు తీసుకున్నారు. చెరువులు పక్క ఊరి రైతు లీజుకి చేసుకుంటున్నాడు. బండి మేనమామ కొడుకు తోలుకుపోయాడు. మిగిలింది హాల్లో అద్దాల బీరువా, అందులో వాడు కట్టిన రోబో బొమ్మలు. వాటిలో ఒకటి సగంలో ఆగిపోయింది. రంగు లేదు, ఎడమచెయ్యి లేదు. తక్కిన రంగురంగుల వాటి మధ్య ఒట్టి తెల్ల ప్లాస్టిక్ ఒంటితో నిలబడి ఉండేది. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఏడుపూ కోపమూ రెండూ వచ్చేవి. పని సగంలో వదిలేసే మనిషి కాదు వాడు.

బావమరిది అంటే మా ఆవిడ తమ్ముడు. రాజోలు దగ్గర రొయ్యల చెరువులు చూసుకునేవాడు. నాది కొత్తపేట. ఒకప్పుడు షాపులకీ లారీలకీ బోర్డులు రాసేవాణ్ణి. ఫ్లెక్సీలు వచ్చి మా బ్రష్షుల నోట్లో మట్టి కొట్టాక, చేసేదేముంది, ఆ ఫ్లెక్సీ మిషనే కొనుక్కుని దాని మీదే బతుకుతున్నాను. చెయ్యి మాత్రం రంగు మర్చిపోలేదు.

రోబోల పిచ్చి ముందు వాడిదే. పెట్టె విప్పితే అందులో బొమ్మ ఉండదు. ప్లాస్టిక్ చట్రాలుంటాయి. వాటికి అతుక్కుని వేళ్లు, మోకాళ్లు, భుజాలు, కొమ్ములు అన్నీ విడివిడిగా ఉంటాయి. ఒక్కొక్కటీ కత్తిరించి, తెగినచోట మిగిలిన పొక్కు గీకి, నున్నగా పామి, ఒకదాంట్లో ఒకటి బిగించుకుంటూ పోతే చివరికి జానెడున్నర ఎత్తు రాక్షసుడు లేచి నిలబడతాడు. మొదటిసారి నేను చూసినప్పుడు వాడు చెరువు గట్టు మీద షెడ్డులో, మేత బస్తాల మీద పేపరు పరుచుకుని, కాలు ఒకటి బిగిస్తున్నాడు. ముప్పై దాటిన మగాడు చేసే పనేనా అని నవ్వాను. నవ్వుతూనే ఆ కాలు చేతిలోకి తీసుకున్నాను. రెండు ముక్కలు కలిసినచోట అతుకు వెంట్రుకంత కనబడుతోంది. బోర్డులు రాసిన కంటికి అలాంటివి దాగవు. దీన్ని పామి నాకియ్యి, రంగు నేను కొడతాను అన్నాను. అలా ఇరుక్కున్నాను.

అప్పట్నుంచీ కట్టడం వాడిది, రంగు నాది. బొమ్మ పూర్తయ్యాక దాన్ని పరీక్షకి పెట్టేవాళ్లం. ఎండలోకి తీసుకెళ్లి అన్ని వైపులా తిప్పి, వాడి తప్పులు నేనూ నా తప్పులు వాడూ వెతికేవాళ్లం. మార్కులు వెయ్యడం వాడికి చేతకాదు, కౌంటు చెప్పేవాడు. రొయ్యల లెక్క తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. కేజీకి ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటు. కౌంటు ఎంత తగ్గితే సరుకు అంత గొప్పది. మా బొమ్మలకీ అంతే. తప్పుకి ఒకటి చొప్పున లెక్క, తక్కువ వచ్చినవాడిది గెలుపు. నాకు ముక్కు మీద కోపం. మెడ దగ్గర రంగు మందమైందని వాడంటే, మోచేతి దగ్గర నీ పొక్కు మాటేమిటని నేను లేచేవాణ్ణి. మా ఆవిడ వచ్చి ఇద్దరికీ కాఫీలు పెట్టి, చిన్నపిల్లలు నయం అని వెళ్లిపోయేది.

ఒక్క తప్పుకి మాత్రం కౌంటు లేదు. ముక్కలు కలిపే జిగురు మామూలు జిగురు కాదు, ప్లాస్టిక్‌నే కాస్త కరిగిస్తుంది. తడిగా ఉండగా వేలు తగిలిందా, గీతలతో సహా ముద్ర పడి అలాగే గట్టిపడిపోతుంది. రంగైనా అంతే. వేలిముద్ర కనబడితే ఆ బొమ్మ రిజెక్టు, మళ్లీ గీకి మళ్లీ చెయ్యాల్సిందే. ఆ రూలు పెట్టింది వాడే. ఒకసారి రంగు ఆరకముందే పట్టుకుని నేను మడమ మీద ముద్ర వేశాను. అది కనిపెట్టి వాడు నన్ను భోజనానికి లేవనివ్వలేదు.

"మీ సంతకం ఎవరడిగేరు బావగారూ?" అన్నాడు, నవ్వకుండా.

కాలు మొత్తం గీకాకే విస్తరి ముందు కూర్చోనిచ్చాడు.

ఈ బొమ్మల మూలంగా వాడికో సంబంధం తప్పిపోయింది కూడా. ఆడపిల్ల తరఫువాళ్లు ఇల్లు చూడ్డానికి వచ్చి, బీరువా చూసి, ఇంట్లో చిన్నపిల్లలున్నారా అని అడిగారు. మా అత్తగారు నోరు విప్పేలోపే వీడు, నావేనండి, ఇంకా రెండు కట్టాల్సినవి ఉన్నాయండి అని చెప్పాడు. వాళ్లు కబురు చేస్తామని వెళ్లి మళ్లీ అయిపూ అజా లేకుండా పోయారు. అత్తగారు రెండు రోజులు వాడితో మాట్లాడలేదు. మూడో రోజు ఆ బీరువా అద్దాలు తనే తుడిచింది.

కిందటేడు ఎండలు ముదరకముందు, చెరువులో నీళ్లు చిలికే ఏరేటరు ఆగిపోతే చూద్దామని వాడు దిగాడు. కరెంటు తీసే ఉందనుకున్నాడు. అంతకంటే నేను రాయలేను.

ఏడాది తిరగబోతుండగా మా ఆవిడ వాళ్లమ్మని కొన్నాళ్లు ఉండమని మా ఇంటికి తెచ్చుకుంది. ఆటో దిగిన అత్తగారి ఒళ్లో రైస్ కుక్కరు అట్టపెట్టె ఉంది. దాన్ని ఎవరి చేతికీ ఇవ్వలేదు. కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగి, అప్పుడు నా ముందు పెట్టి మూత తీసింది. లోపల పాత చీరలో చుట్టి ఆ తెల్ల రోబో, పక్కన ఎడమచేతి ముక్కలున్న చట్రం.

మా అత్తగారు నా ముందు కూర్చుని మాట్లాడ్డం చాలా తక్కువ. ఎప్పుడూ గుమ్మం అవతల నిలబడే మాట్లాడుతుంది. ఆ రోజు కూర్చుంది.

"వాడు కట్టినవాటికి మీరే కదండీ రంగేసేవారు, దీనికీ వేసెయ్యండి," అంది. "సంవత్సరీకం నాటికి వాడి ఫొటో పక్కన పెట్టుకుంటాను. సగంలో ఉన్నదాన్ని చూడలేకపోతన్నానండి."

సరేనన్నాను. చెయ్యి కట్టడానికే నాకు చాలా రోజులు పట్టింది. కట్టడం నాకెప్పుడూ రాదు. వేలి కీళ్లు బిగించబోతే ఒకటి విరిగింది, అతికించాను. వాడుంటే ఎంత ఏడిపించేవాడో అనుకుంటూ, ఎవరూ ఏడిపించకుండా పని చేసుకోవడం ఎంత నరకమో అప్పుడు తెలుసుకున్నాను.

చెయ్యి తగిలించాక షాపు వెనక మా ఇంటి దొడ్లో ప్రైమరు కొట్టాను. ప్రైమరంటే అసలు రంగుకి ముందు వేసే బూడిదరంగు పూత. అది పట్టలేదు. నూనె పెనం మీద నీళ్లు చల్లినట్టు చుక్కలు చుక్కలుగా విడిపోయింది. మా వైపు గాలికి కంప్రెసరులో నీళ్లు చేరతాయి, అదేనేమోనని విప్పి నీళ్లు వంపాను. పూత తుడిచి మళ్లీ కొట్టాను. మళ్లీ అంతే. డబ్బా పాతదేమోనని కొత్తది తెచ్చాను. బొమ్మ చేతికి బాగానే పట్టింది, ఒంటికే పట్టడం లేదు. ఇక నా నోరు ఊరుకోలేదు. ప్రైమరు చేసినవాణ్ణీ అమ్మినవాణ్ణీ కలిపి తిడుతుంటే, వంటింటి గుమ్మంలోకి అత్తగారు వచ్చి నిలబడింది.

"నేనేవన్నా పాడు చేసేనేమోనండి," అంది. "శనివారం శనివారం దానికి కొబ్బరినూనె రాసేదాన్నండి. వాడి తలకి రాసినట్టే. ఉప్పుగాలికి ఏదీ నిలవదు కదండీ మాకు. ఇదీ పోద్దేమోనని."

స్ప్రే గన్ను కింద పెట్టేశాను. వాడి వస్తువుల్లో ఎవరూ ముట్టుకోనిది అదొక్కటే అని ఏడాదిగా అనుకుంటున్నాను. ఆవిడ ప్రతి వారం దాన్ని ఒళ్లో పెట్టుకుని, కొమ్ముల నుంచి మడమల దాకా, కీళ్ల సందుల్లో కూడా, నూనె రాసింది. రంగు పనికి నూనె కంటే శత్రువు లేదు. ఆ మాట ఆవిడకి చెప్పలేకపోయాను. కడిగితే పోతుందండి, ఏం పర్లేదు అన్నాను.

కడగడం తనే చేస్తానంది. కుంకుడుకాయలు కొట్టి వేణ్ణీళ్లలో నానబెట్టి, రసం తీసి, నూతి చుట్టూ కట్టిన పళ్లెం మీద పీట వేసుకుని కూర్చుంది. నేను బొమ్మను ముక్కలుగా విప్పి ఒక్కొక్కటీ అందిస్తుంటే పాత టూత్‌బ్రష్షుతో మెల్లగా రుద్ది, చెంబుతో నీళ్లు పోసింది. తలకాయ వచ్చినప్పుడు కళ్లున్నచోట నురగ పడకుండా అరచెయ్యి అడ్డం పెట్టింది. మా ఆవిడ అది చూసి లోపలికి వెళ్లిపోయింది. ఎక్కడికి వెళ్లిందో, ఎందుకు వెళ్లిందో నాకు తెలుసు. నేను లేవడానికి లేదు, ఇంకా కాళ్లు కడగాలి.

ఈసారి ప్రైమరు పట్టింది. ఆ బూడిదరంగుకి ఒక గుణం ఉంది. తెల్ల ప్లాస్టిక్ మీద కనబడని గీతనైనా, గుంటనైనా అది పట్టిచ్చేస్తుంది. ఆరాక ఎండలోకి తీసుకెళ్లి అలవాటు ప్రకారం వెతికాను. వాడి పని ఎప్పటిలాగే శుభ్రంగా ఉంది. అతుకు లేదు, పొక్కు లేదు. వీపు పలక తిప్పాను. భుజం కింద బొటనవేలి ముద్ర ఉంది. గీతలన్నీ స్పష్టంగా, వాటికి అడ్డంగా ఒక నామంలా గాటు. చిన్నప్పుడు బొండాం కొడుతుంటే కత్తి జారి పడ్డ గాటు అది. వాడిదే. జిగురు తడిగా ఉండగా పట్టుకున్నాడు. తర్వాత పామి తీసేద్దామనుకుని ఉంటాడు.

పామడానికి వాటరు పేపరు ముక్క, అంటే సన్న ఉప్పుకాగితం, నీళ్లలో నానేశాను. అది అలవాటు మీద చేసిన పని. తీసి చేత్తో పట్టుకున్నాక ముద్ర మీద పెట్టలేకపోయాను. ఈ భూమ్మీద వాడి ఒంటి గుర్తు ఇదొక్కటే మిగిలింది. దీన్ని నేను గీకెయ్యాలా? వదిలేస్తే, వాడు పెట్టిన రూలు వాడి ఆఖరి బొమ్మ మీదే తప్పాలా? మా ఆవిడకి చూపించాను. ముట్టుకుంటే ఊరుకోనంది. తమ్ముడి వేలు చెరిపే హక్కు నీకెవరిచ్చారంది. నాకూ ఉంచెయ్యాలనే ఉంది. కానీ అడగాల్సింది ఆవిణ్ణి. పలక తీసుకెళ్లి అత్తగారి చేతిలో పెట్టి, విషయం చెప్పాను.

ఆవిడకి చూపు ఆనదు. వేలితో తడిమి తెలుసుకుంది. గాటు తగిలినచోట వేలు ఆగింది. ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. తన బొటనవేలు దాని మీద ఆనించి, చాలాసేపు అలాగే ఉంచింది.

"తీసెయ్యండి," అంది తర్వాత.

మా ఆవిడ ఏదో అనబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"ముద్ర ఉంటే ఒప్పుకోరంట కదండీ, వాడే చెప్పేడు. మీ చేత బాగుందనిపించుకోవాలని ఎంత పాకులాడేవాడో నేను చూసేనండి. వాడి ఆఖరి పని వెనక్కి పంపించకండి."

ఆవిడ ఎదురుగానే కూర్చుని పామాను. గీతలు ఒక్కొక్కటే వెళ్లిపోయాయి. గాటు లోతుగా ఉంది, అది చివరిదాకా ఉంది. పేపరు నుంచి కారిన బూడిద నీళ్లు నా వేళ్ల మధ్య ఎండిపోయాయి. నా చేత్తో ఇంత కష్టమైన పని నేనెప్పుడూ చెయ్యలేదు. అయ్యాక పలక మళ్లీ ఇచ్చాను. తడిమి, ఏమీ తగలకపోతే, ఆయ్, అని తలూపింది.

నీలం రంగు వేశాను, బొమ్మ వచ్చిన అసలు పెట్టె మీద ఉన్నట్టే. వాడు ఎప్పుడూ అలాగే వెయ్యమనేవాడు. చివర కొట్టే మెరుపు లేని క్లియరు పూత, పొద్దున్నే మంచులో కొడితే పాలు పోసినట్టు తెల్లబడిపోతుంది, అందుకని ఎండ ఎక్కేదాకా ఆగి కొట్టాను. నా జన్మలో అంత బాగా ఏ బోర్డూ రాయలేదు.

సంవత్సరీకం రోజున గన్నవరం అక్విడెక్టు వంతెన మీదుగా ఆ అట్టపెట్టెతోనే రాజోలు వెళ్లాం. భోక్తలు భోంచేసి వెళ్లాక రోబోని ఫొటో పక్కన పెట్టాను. అత్తగారు దగ్గరికి వచ్చింది.

"ఎంతండి కౌంటు?" అని అడిగింది.

ఊరికే మంచిమాట చెబితే ఆవిడ నమ్మదు. బొమ్మను తీసి కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి, వాడు తిప్పినట్టే తిప్పి చూశాను. ఎడమచేతిలో తప్పులు లెక్కపెట్టాను. విరిగిన వేలు అతుకు కూడా కనబడుతోంది. అవన్నీ నావి. మిగతా ఒంట్లో ఏమీ దొరకలేదు. ఎంత వెతికినా దొరకలేదు. దొరికితే బాగుండునని కూడా వెతికాను.

"వాడి పనిలో సున్నా అండి," అన్నాను. "వాడే గెలిచాడు."

ఆవిడ తలూపి లోపలికి వెళ్లింది. వచ్చేటప్పుడు గిన్నెలో కొబ్బరినూనె తెచ్చింది. ఆ రోజు శనివారమని నాకప్పుడు గుర్తొచ్చింది. వేలు ముంచి, బొమ్మ నడినెత్తి మీద అద్ది, మెల్లగా రాసింది. మెరుపు లేని పూత నూనెను వెంటనే పీల్చుకుంటుంది, ఎంత తుడిచినా మచ్చ పోదు. నీలం మీద ఆవిడ వేలిముద్ర గీతలతో సహా పడిపోయింది. నా భుజం మీద తువ్వాలు ఉంది, తియ్యలేదు. వాడుంటే నాతో దెబ్బలాడేవాడు గానీ, వాళ్లమ్మని ఒక్క మాట అనేవాడు కాదు. నేనూ అనలేదు. ఆ ముద్ర అలాగే ఉంది.