ఐరాలలో జపాను ఇంటి గృహప్రవేశం

మా తమ్ముడు శేఖర్ శ్రీ సిటీలో జపాను వాళ్ల దగ్గర పనిచేసి చేసి, ఐరాలలో జపాను పద్ధతి ఇల్లు కట్టాడు. అందులో అడుగు పెట్టనని మా నాయన భీష్మించుకున్నాడు. "అక్కా, నువ్వొచ్చి ఒప్పియ్యి. ఆయన కోసమే గదా కట్టినాను," అని తమ్ముడు ఫోన్లో ఏడ్చినంత పని చేశాడు. నాయన మాట నేనే వినను, నా మాట ఆయన వింటాడా? అయినా బయల్దేరాను.

ఉదయం ఆరింటికి నగరిలో బస్సెక్కాం. ఆడవాళ్లకు ఉచితం కాబట్టి నేను కిటికీ పక్కన దర్జాగా కూర్చున్నాను. టికెట్ కొన్న మా ఆయన పుత్తూరు దాకా సణుగుతూనే ఉన్నాడు. కార్వేటినగరంలో ఇడ్లీ తిన్నాం. చట్నీలో కారం తప్ప ఏమీ లేదు, మీరు వెళ్తే ఇంటి నుంచే కట్టుకెళ్లండి. పక్క సీటు పెద్దాయనకు ఇంటి గొప్ప చెప్పాను. మేకులు లేకుండా దూలాలు ఒకదాంట్లో ఒకటి బిగించారట, భూకంపం వచ్చినా ఊగుతుందే గానీ పడదట.

"ఐరాలకు భూకంపం యాడొస్తాదమ్మా? బస్సు వచ్చేదే గగనం," అన్నాడాయన.

నిజమే. చిత్తూరులో ఐరాల బస్సు కోసం కాళ్లు పీకేదాకా నిలబడి, పది దాటాక చేరాం.

ఇల్లు చూడగానే ముచ్చటేసింది. పక్కకు జరిపే తలుపులు, ఎటు నిలబడినా గాలి. నేలంతా మా పొలం వరిగడ్డినే అదిమి కుట్టించిన మందపాటి చాపలు. నాయన మాత్రం వాకిట్లో మంచమేసుకుని కూర్చున్నాడు.

"కొత్త ఇండ్లల్లో రంగులు, జిగురు, అన్నీ మందులే. సేన్లో మందు కొట్టి కొట్టి నా రొమ్ము అప్పుడే పోయింది. నేను రాను."

"నీ ఆయాసానికే గదా నాయనా అవేవీ వాడకుండా కట్టింది," అన్నాడు తమ్ముడు. నాయన అటు తిరిగి కూర్చున్నాడు. నేను బతిమాలాను, కసిరాను. ఊహూఁ.

పదకొండుకు ముహూర్తం. ముందు ఆవు నట్టింట్లోకి రావాలన్నాడు పురోహితుడు. చాపలు పాడవుతాయని తమ్ముడు మా ఆవు గౌరి కాళ్లకు తువ్వాళ్లు చుట్టాడు. జపానులో మేజోళ్లతోనే లోపల తిరుగుతారట. ఆవు పెళ్లికూతురిలా నాలుగడుగులు వేసి, తల వంచి, నేల తినడం మొదలుపెట్టింది. పురోహితుడు మంత్రం ఆపలేదు. తమ్ముడు తాడు లాగితే ఒక చాప మూల ఊడొచ్చింది. మా ఆయన అరటిపండు చూపించాడు. అది మింగి మళ్లీ నేల మీదికే వచ్చింది. నాకు నవ్వాగక, తమ్ముడి ముఖం చూడలేక స్తంభం చాటుకు పోయాను.

ఆ గోలకు నాయన లేచి, చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. పీకిన గడ్డి తీసుకుని వాసన చూశాడు.

"మందు వాసనుంటే మా గౌరి మూతి పెట్టదు. నా మంచం ఈడెయ్యిరా."

"జపానులో మంచం ఉండదు నాయనా, చాప మీదనే పడుకుంటారు," అన్నాడు తమ్ముడు కళ్లు తుడుచుకుంటూ.

"సరే, అది మిగిల్చిన కాడ పడుకుంటాలే."

మధ్యాహ్నం భోంచేసి తిరుగు బస్సుకు లేచాం. చూసొచ్చినదాన్ని కాబట్టి చెబుతున్నాను: ఇలాంటి ఇల్లు తప్పకుండా కట్టుకోండి, చాపలు మాత్రం ఆవు వెళ్లిపోయాక పరచండి. ఆయాసంతో ఏళ్ల తరబడి గోడకానుకునే కునుకు తీసిన మా నాయన ఆ చాప మీద వెల్లకిలా పడి గురక పెడుతున్నాడు. చెప్పి వద్దామని లేపబోతే తమ్ముడు నా చెయ్యి పట్టుకుని ఆపేశాడు.