పన్నెండో ఇంటి పేజీ

మేము పెరిగిన క్వార్టర్ల వరసను కూల్చేస్తారని కబురొచ్చిన వారానికే నేను బాసర బస్సెక్కాను. ఓపెన్‌కాస్టు గని తవ్వుకుంటూ తవ్వుకుంటూ మా కాలనీ దాకా వచ్చేసింది. ఇళ్లను ఆపడం నా చేతిలో లేదు. ఆ ఇళ్లలో తయారైన ఒక నోటుబుక్కును మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పోనివ్వకూడదనుకున్నాను.

అది వంటల పుస్తకం. మా వరసలో పన్నెండు ఇళ్లుండేవి. మగవాళ్లంతా బొగ్గు కంపెనీ పనివాళ్లు. ఆడవాళ్లు తలా ఒక ఊరినుంచి వచ్చినవాళ్లు. మా అవ్వది, అంటే అమ్మది, హుస్నాబాద్ దగ్గరి పల్లె. పక్కింటి పెద్దమ్మది నాందేడ్ వైపు, ఇంట్లో మరాఠీ మాట్లాడేది. మూడో ఇంటామెది గుంటూరు. ఒకరి వంట ఒకరికి కొత్త. నేర్చుకున్నది మరిచిపోకుండా రాసి పెట్టుకుందామని వాళ్లకే తోచింది. చాలామందికి చదువు రాదు కాబట్టి, ఆరో తరగతిలో ఉన్న నన్ను కూర్చోబెట్టారు. మధ్యాహ్నాలు మా అరుగుమీద వాళ్లు చెబుతుంటే నేను రాసేదాన్ని.

ఇప్పుడు కరీంనగర్‌లో హైస్కూలు పిల్లలకు సోషల్ చెబుతున్నాను. పాఠంలో బొగ్గు ఉంది, గనులు ఉన్నాయి. ఆ గనుల్లోకి దిగినవాళ్లు డబ్బాలో ఏం కట్టుకుపోయారో లేదు. మా నోటుబుక్కులో అది ఉంది. మొదటి షిఫ్టు డబ్బాలో ఏ కూర పులిసిపోకుండా ఉంటుందో, సమ్మె దినాల్లో పప్పు లేకుండా పూట ఎట్లా గడపాలో, దుబాయ్ పోయే తమ్ముడికి కట్టే తొక్కు పచ్చడి రెండు నెలలు చెడిపోకుండా ఏం చేయాలో, అన్నీ ఉన్నాయి.

పెద్దమ్మ భర్త రిటైరయ్యాక వాళ్లు బాసరలో కొడుకు దగ్గరికి వెళ్లిపోయారు. నోటుబుక్కు ఆమె దగ్గరే ఉండిపోయింది.

"ఉంది గద, యాడికి పోతది?" అంటూ ఆమె ఇనుపపెట్టె తెరిచి, పాత చీరగుడ్డలో చుట్టిన పుస్తకాన్ని తీసింది. "ఈడ్నే కూసొని ఎంతన్నా రాసుకో బాయీ. గడప మాత్రం దాటనియ్య."

రెండు రోజులు అక్కడే ఉన్నాను. నూనె మరకలకు అంటుకుపోయిన కాగితాల మధ్య పోస్టుకార్డు దూర్చి, ఇద్దరం మెల్లగా విడదీశాం. నేను ఒక్కో పేజీ ఫొటో తీసుకున్నాను. ఇంటింటి వంటలూ విడివిడిగా రాసుకుంటూ వస్తే పదకొండు ఇళ్లే వచ్చాయి. మళ్లీ మొదటినుంచి చూశాను.

"ఆఖరి ఇంటిది లేదు," అంది పెద్దమ్మ. "నువ్వు రాయలే. యాది లేదా?"

ఉంది. ఇన్నేళ్లూ దాన్ని కదిలించలేదు, అంతే.

ఆఖరి ఇంటామె భర్త కాలనీలో మోరీల్లో మురుగు తీసేవాడు. ఒక మధ్యాహ్నం ఆమె వచ్చి అరుగు కిందే నిలబడింది. "బిడ్డా, నాదొకటి రాస్తవా? పుంటికూరల ఎండుతునకలు," అని అడిగింది. నేను పెన్ను మూత తీశాను. అరుగుమీద కూర్చున్నవాళ్లలో ఒక్కరూ ఆమెను పైకి రమ్మనలేదు. గోంగూరా ఎండు మాంసమూ మాకెవరికీ కొత్త కాదు, అందరి ఇళ్లలోనూ వండేవాళ్లు. ఎండ నడినెత్తిన ఉండగా మా అవ్వ అంది: "పొద్దువోయింది, బుక్కు మూసి లోపల పెట్టు."

నేను మూసేశాను. ఆమె ఒకసారి తలెత్తి సూర్యుణ్ని చూసి వెళ్లిపోయింది.

బాసరనుంచి ఇంటికి వచ్చాక అవ్వను అడిగాను. చింతపండులో గింజలు తీస్తోంది.

"అవ్వా, గారోజు ఎందుకట్ల అన్నవ్?"

"గప్పుడు అందరు గట్లనే ఉండిరి."

"అందరి సంగతి కాదు, నీ సంగతి అడుగుతున్న."

ఇంకో గింజ తీసి గిన్నెలో వేసింది. "తప్పే చేసిన. నువ్వు పో. నేనొస్తే తలుపు గూడ తియ్యదు," అంది.

ఆమె ఎక్కడుందో తెలుసుకోవడానికి నెల పట్టింది. ఖానాపూర్‌లో కూతురి దగ్గర ఉంటోంది. ఆ కూతురు బడిలో నాతోపాటు చదువుకున్నదే, ఇప్పుడు అంగన్‌వాడీ టీచరు. ఒక ఆదివారం వెళ్లేసరికి ముసలామె వాకిట్లో మక్కకంకులు ఒలుస్తోంది.

"చిన్నమ్మా," అన్నాను. వరసలో అందరినీ పెద్దమ్మ, అత్త, వదిన అని పిలిచినదాన్ని, చిన్నప్పుడు ఆమెను ఏమనీ పిలవలేదని ఆ క్షణంలో తెలిసింది.

ఎవరి బిడ్డనో చెప్పాను. ఎందుకొచ్చానో చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు.

"గిన్నేండ్లకు యాదికొచ్చిన్నా?"

"తప్పయింది చిన్నమ్మా. నీ వంట లేకుంటె గా బుక్కు సగమే."

"నీ బుక్కు సగముంటే నాకేంది? గా తునకలు తినే నా పిల్లలు పెరిగిండ్రు. నువ్వు రాస్తే పెరిగిండ్రా?"

కంకులు పక్కకు నెట్టి లేచింది. "చాయ్ తాగి పో," అంది. తాగి వచ్చేశాను.

మళ్లీ ఆదివారం వెళ్లాను. ఈసారి వంట అడగలేదు. ఫోనులో ఉన్న పేజీలు ఒక్కొక్కటే చదివి వినిపించాను. ముందు వినీ విననట్టే కూర్చుంది. గుంటూరామె తొక్కు దగ్గరికి వచ్చేసరికి చేయెత్తి ఆపింది.

"మెంతులు ఏంచి ఎయ్యాలె. పచ్చియి అని రాసినవేంది?"

"నీకెట్ల తెలుసు?"

"వాసన మా ఇంటి దాక వస్తుండె. తినుడే లేకుండె, వాసనకు ఎవరడ్డం?"

ఆ రోజు అట్లా నాలుగు తప్పులు దిద్దింది. నేను చిన్నప్పుడు తొందరలో వదిలేసినవి, సరిగా వినక రాసినవి. అన్నీ పక్కన గుర్తు పెట్టుకున్నాను.

మూడో ఆదివారం వెళ్లేసరికి పొయ్యిమీద కుండ ఉంది. ఎండుతునకలు వేడినీళ్లలో నానుతున్నాయి. పుంటికూర ఆకు తుంచి వెదురు గుల్లలో పెట్టి ఉంది. నేను సంచిలోంచి కాగితాలు తీశాను.

"నువ్వు రాయకు," అంది ఆమె. "నా బిడ్డ రాస్తది."

కూతురు నా చేతిలోంచి పెన్ను తీసుకుంది. తల ఎత్తకుండానే అంది: "బళ్లె నా రాతనే మంచిగుంటుండె, యాదికున్నదా? సారు బోర్డుమీద నాతోనే రాయిస్తుండె. గా అరుగుమీదికైతే నన్నెవరు పిలువలే."

నిజమే. క్లాసులో ఆమె అక్షరాలు చూసి నేను కుళ్లుకునేదాన్ని. ఆ సంగతి చెప్పాను. చిన్నగా నవ్వింది కాని, నన్ను తేలిగ్గా వదిలేసే నవ్వు కాదది.

చిన్నమ్మ వండుతూ చెప్పింది, కూతురు రాసింది. నేను పొయ్యి దగ్గర కూర్చుని కట్టెలు ఎగదోశాను. నూనెలో ఎల్లిపాయ పడ్డాక కారం ఎప్పుడు వేయాలో, పులుపెక్కువైతే ఏం చేయాలో, వానాకాలం కోసం మాంసం ఎట్లా ఎండబెట్టాలో వివరంగా చెప్పింది. అంతా అయ్యాక నా వైపు తిరిగింది.

"నా పెనిమిటి ఏం పని చేసిండో గూడ రాయాలె. గా రోజు మీ అవ్వ ఏమన్నదో అదిగూడ రాయాలె. లేకుంటె నా పేజీ వద్దు."

అక్కడినుంచే అవ్వకు ఫోను చేశాను. షరతు చెప్పాను. "రాయనియ్," అంది అవ్వ. "ఆమెతోని ఒక్కసారి మాట్లాడుదునా?"

ఫోను చిన్నమ్మకు అందించబోయాను. ఆమె తల అడ్డంగా ఊపి కుండ దించుకుంది. కాసేపటికి నాకు అన్నం పెట్టింది. మొదటిసారి ఆ ఇంటి కూర తిన్నాను. పుంటికూర పులుపు, ఎండుమాంసం ఉప్పదనం, వెనకనుంచి నెమ్మదిగా వచ్చే కారం. రెండోసారి అడిగి వేయించుకున్నాను.

ఆ కాగితం తీసుకుని బాసర వెళ్లాను. పెద్దమ్మ నాతో మొత్తం చదివించుకుంది, మా అవ్వ మాట కూడా. తర్వాత తనే కళ్లద్దాలు పెట్టుకుని, సూదీ దారం తెచ్చి, ఆ పేజీని పుస్తకంలో కలిపి కుట్టింది. అసలు పుస్తకం మళ్లీ పెట్టెలోకే పోయింది. నేను అన్ని పేజీలూ జిరాక్సు తీయించి బైండు చేయించాను. ఒక్కో ఇంటికి ఒక్కొక్కటి, ఒకటి కరీంనగర్ లైబ్రరీకి.

లైబ్రేరియన్ అట్ట తిప్పి చూసి, "వంటల బుక్కులు గా మూలకు ఉంటయి మేడం," అన్నాడు.

"చరిత్రల పెట్టుండ్రి సార్."

"గిది చరిత్ర ఎట్లయితది?"

ఆ రోజు ఒప్పుకోలేదు. తర్వాతి వారం మళ్లీ వెళ్లి, సమ్మె పేజీ తీసి ఆయన ముందు పెట్టాను. ఇంకా తటపటాయిస్తుంటే చివరి పేజీ తెరిచి చేతికిచ్చాను. నిలబడే చదివాడు. మా అవ్వ అన్న మాట దగ్గర ఆగి, నా ముఖం చూసి, కుర్చీలో కూర్చుని మిగతాది చదివాడు. తర్వాత రిజిస్టరు తెరిచాడు.

"రాసినోళ్ల పేరు?"

"పన్నెండిండ్ల ఆడోళ్లు," అన్నాను. "అట్లనే రాయండి."

గడిలో పట్టలేదు. పక్క గడిలోకి పోనిచ్చి రాశాడు.