దానంతటదే దిగిపోయిన పైపు

మా పిన్ని నర్సుగా రిటైరయ్యాక అమలాపురం శివారులో కొబ్బరిచెట్ల మధ్య ఒక స్థలం కొనుక్కుంది. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. సర్వీసంతా ఆసుపత్రి క్వార్టర్సులో గడిచిపోయింది కాబట్టి తనదంటూ ఒక ఇల్లు ఉండాలని ఆశ. కింద తను, పైన అద్దెకి ఇంకెవరైనా. నేను గువాహటిలో పునాదుల కోసం నేలని పరీక్షించే ఇంజనీరుని. అక్కడ భూమి తరచూ కదులుతుంది. మా పనంతా ఆ భయం చుట్టూనే తిరుగుతుంది. పిన్ని ఫోన్ చేసి, మేస్త్రీ పునాది లోతు ఏదో చెబుతున్నాడనీ, నేనొచ్చి చూసి సరేనంటే మొదలుపెట్టిస్తాననీ అంది. చూసి సరేననడమే కదా అనుకుని సెలవు పెట్టి వచ్చాను.

సాయిల్ టెస్ట్ చేసేవాళ్ళని రాజమండ్రి నుంచి పిలిపించాను. మూడు కాళ్ళ ఇనప స్టాండు నిలబెట్టి, నేలలోకి పైపు దించుతూ, దానిమీద బరువైన సుత్తిని జారవిడుస్తారు. ఎన్ని దెబ్బలకి ఎంత దిగిందో చూస్తే లోపల నేల ఎంత గట్టిదో తెలుస్తుంది. గేటు పక్కన వేసిన మొదటి బోరులో పైన బంకమట్టి, కింద ఇసుక. పైపు దిగడానికి దెబ్బలు బాగానే పట్టాయి, అంటే గట్టి నేలే. నా మనసు కుదుటపడింది. రెండోది వెనకవైపు, వంటిల్లు రావలసిన చోట వేశారు. అక్కడ కొంత లోతుకి వెళ్ళాక, సుత్తి ఎత్తకముందే పైపు తన బరువుకే మెల్లగా జారి కిందికి పోయింది. పనివాళ్ళు నా వైపు చూశారు. పిన్ని కూడా నా వైపే చూసింది. పైకి తీసిన గొట్టంలో నల్లటి బురద, కుళ్ళిన ఆకుల వాసన.

ఒకే పెరట్లో రెండు రకాల నేల ఎలా ఉంటుందని పిన్ని అడిగింది. ఎప్పుడో ఏ గొయ్యో పూడ్చి ఉంటారన్నాను. అమ్మినాయన మాత్రం అలాంటిదేమీ చెప్పలేదట. పక్కింటి దంపతులు చాలాకాలంగా అక్కడే ఉంటున్నారు కదా అని వాళ్ళని అడగడానికి వెళ్ళాం.

“చెరువేనండీ ఇది. ఇందులో నేను ఈత కొట్టేను” అన్నాడాయన.

“ఆ చెరువు అవతలి పక్కదండీ. ఇది ఎప్పుడూ కొబ్బరితోటే. ఈయనకి దిక్కులు తెలీవు” అంది ఆవిడ.

ఇద్దరూ మర్యాదగానే వాదించుకున్నారు. మాకు కాఫీ కూడా ఇచ్చారు. బయటికి వచ్చేసరికి, లోపలికి వెళ్ళినప్పటికంటే నాకు తక్కువ తెలుసనిపించింది. మధ్యలో ఇంకో బోరు వేయించాను. అది అంత గట్టీ కాదు, అంత మెత్తనా కాదు. గొయ్యి అంచు ఎక్కడుందో దాన్నిబట్టీ తేలలేదు.

పిన్ని ఉంటున్న అద్దింటి వరండాలో కూర్చుని లెక్కలు మొదలుపెట్టాను. గువాహటిలో ఆమధ్య ఒక పొద్దున్న ఆఫీసులో టీ తాగుతుంటే భవనం ఊగింది. రోడ్డు మీదికి వచ్చేదాకా చేతిలో కప్పు ఉందని కూడా తెలియలేదు. తర్వాత ఊరి బయట ఒక ఇంటి పెరట్లో నేల బీటలువారి, నీళ్ళతో కలిసి బూడిదరంగు ఇసుక పైకి ఉబికి, కుప్పలుగా పడి ఉండడం చూశాను. పక్కనున్న గోడ ఒరిగిపోయి ఉంది. నీళ్ళు నిండిన వదులు ఇసుకని గట్టిగా కుదిపితే అది కాసేపు నీళ్ళలాగే అయిపోతుంది. నేను చదువుకున్నదే అది. అయినా అక్కడ నిలబడ్డప్పుడు నా కాళ్ళ కింది నేలని నమ్మలేకపోయాను.

పిన్ని స్థలంలోనూ కింద ఇసుకే, కొంచెం తవ్వితే నీళ్ళు. కానీ ఇక్కడ అంత పెద్ద కుదుపు చూసినవాళ్ళు నాకెవరూ తగల్లేదు. చిన్న కుదుపు అనుకుని లెక్క వేస్తే ఇల్లు నిలబడుతోంది. కాస్త పెంచితే నిలబడడం లేదు. ఎంత అనుకోవాలో తేల్చుకోలేక అవే అంకెలు మళ్ళీ మళ్ళీ వేశాను.

పిన్ని వచ్చి ఎదురుగా కూర్చుంది.

“ఒక్కటి చెప్పమ్మా. ఇక్కడ భూకంపం వస్తుందా, రాదా?”

“తెలీదు పిన్నీ.”

“మరి పొద్దుట్నుంచీ ఏం లెక్కలేస్తున్నావు?”

“వస్తే ఏమవుతుందోనని.”

పిన్నికి తన ఆసుపత్రి రోజులు గుర్తొచ్చాయి. పేషెంటు బతుకుతాడా అని చుట్టాలు అడిగితే డాక్టరుగారు చూద్దాం అనేవారనీ, ఆ మాటకి తనకి ఒళ్ళు మండిపోయేదనీ చెప్పింది.

“ఆయనకీ తెలిసేది కాదన్నమాట, పాపం” అంది.

మేస్త్రీ వచ్చాడు. తను కట్టిన ఇళ్ళేవీ ఒరగలేదని చెప్పాడు. అది నిజమే, వాటిలో కొన్ని నేనూ చూశాను. స్తంభానికో గుంట కాకుండా, ఇల్లంతటి కిందా ఒకటే కాంక్రీటు పలక పోయమన్నాను. ఇంటిని గేటు వైపుకి జరపమన్నాను. “ఆయ్, అలాగేనండీ” అన్నాడు గానీ, అతని మొహంలో ఒప్పుకోలు కనబడలేదు. పై అంతస్తు వద్దని మాత్రం నేను అనలేకపోయాను. పిన్నే అంది. బరువు తగ్గితే మంచిదే కదా అని అడిగి, నేను అవుననగానే అద్దె ఆలోచన మానేసింది. నా మాట మీద ఒక మనిషి మేడ వదులుకుంది. అది అవసరమో కాదో ఇప్పటికీ నాకు తెలియదు. పని మొదలైన రోజున పాస్టరుగారు వచ్చి ఇల్లు స్థిరంగా నిలవాలని ప్రార్థన చేస్తే, నేను ఎప్పుడూ లేనంత గట్టిగా ఆమెన్ అన్నాను.

పిన్ని ఆ ఇంట్లో చేరిన కొన్నాళ్ళకి ఒక సాయంత్రం ఫోన్ చేసింది. అలమరలో గ్లాసులు గలగలలాడాయట, కుర్చీ కదిలినట్టు అనిపించిందట. నేను వెంటనే భూకంపాల వివరాలు వెతికాను. ఆ వైపు ఏమీ నమోదు కాలేదు. ఇసుక లారీ వెళ్ళిందేమో అన్నాను. లారీ చప్పుడేమీ వినలేదంది. గోడలు చూడమన్నాను. చూసి వచ్చి, ఎక్కడా బీట లేదంది.

“మరి బయటికి వెళ్ళాలా, ఇంట్లోనే ఉండాలా?”

కాసేపు బయట కూర్చోమన్నాను. కూర్చుంది. కొంతసేపటికి దోమలు కుడుతున్నాయనీ, తను లోపలికి పోయి వంట చేసుకుంటాననీ చెప్పింది. సరేనన్నాను.