పిడి ఎడమవైపు

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. కోచ్ గారు పోయిన వారానికే ఆయన కళ్ళు చారెడు దాటి చేటంతయ్యాయి. హాకీ క్లబ్బులో సంతాప సభ పెట్టి ఒకరి తర్వాత ఒకరు మాట్లాడారు. ఆయన లేకపోతే ఈ ఊళ్ళో హాకీయే లేదన్నారు. నిజమే. ఆయనంత కుటుంబీకుడు ఇంకొకడు లేడన్నారు. అదీ చాలావరకు నిజమే. తలుపులూ కిటికీలూ చేసే షాపును చివరిదాకా ఒంటిచేత్తో నడిపారన్నారు. వెనక వరసలో కూర్చున్న కూతురు ఆ మాట దగ్గర తన చేతులు చూసుకుంది. చిత్రిక పట్టీ పట్టీ ఎడమ అరచేయి కాయ కాసి ఉంది.

ఆమెది పుట్టుకతోనే పుర్రచేతి వాటం. తిండీ రాతా ఎలాగో కుడిచేతికి మళ్ళించారు గానీ, బలం పెట్టాల్సిన పని ఏదొచ్చినా ఎడమచెయ్యే ముందుకొచ్చేది. హాకీ స్టిక్కుకు ఒకవైపే చదును. రెండోవైపు గుండ్రం, అది బంతికి తగిలితే ఫౌల్. ఆ చదును కుడిచేతివాళ్ళకే కుదురుతుంది. పుర్రచేతివాళ్ళు చాలామంది దానికి సర్దుకుంటారు. ఆమెకు సాధ్యం కాలేదు. ప్రయత్నలోపం లేదు. ఎండనకా వాననకా షాపు వెనకున్న షెడ్డు గోడకు బంతి కొట్టీ కొట్టీ ఆ గోడ సున్నం రాలగొట్టింది. జట్టును ఎంపిక చేసే రోజున ఆయన అందరి ముందూ అన్నారు:

"నీ చెయ్యి తిరగదమ్మా. షాపు చూసుకో."

కోపంగా అనలేదు. చెక్కలో ముడి కనిపిస్తే పక్కన పెట్టేసినంత మామూలుగా అన్నారు.

ఆయన చెడ్డవాడు కాడు. ఇంట్లో గొంతు పెంచి ఎరగడు. ఇంటిల్లిపాదీ కూర్చుంటే తప్ప ముద్ద ముట్టేవాడు కాదు. విరిగిన స్టిక్కుకు జిగురు పెట్టి దారం చుట్టే చేత్తోనే, అదే దారంతో పిల్లల బడి చెప్పులూ కుట్టేవాడు. వడ్రంగం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పాత తలుపులు ఊడదీసి, అవి ఎలా నిలబడ్డాయో చూసి నేర్చుకున్నాడు. ఆటా అలాగే. "బంతి మనిషికి వెయ్యకండ్రా, మనిషి రాబోయే చోటికి వెయ్యండి" అని గొంతు పోయేలా అరిచేవాడు.

సాయంత్రమయ్యేసరికి మాత్రం సగం చిత్రిక పట్టిన చెక్క బల్లమీదే ఉండేది, ఈల మెళ్ళోకి వెళ్ళేది. "ఇది కాస్త చూడమ్మా" అని గోడ అవతల మైదానానికి నడిచేవాడు. ఆ కాస్త చూడటం రానురాను మొత్తం చూడటమైంది. షెడ్డులో ఉన్న కుడిచేతివాళ్ళ బల్ల ఆమెకు పనికిరాలేదు. చెక్కను బిగించే వైసు ఊడదీసి రెండోవైపు బిగించుకుంది. ఇవాళ ఊళ్ళో సగం ఇళ్ళ తలుపులు ఆ బల్లమీద తయారైనవే.

ఆయన తిరిగొచ్చి అతుకుల మీద గోరు పెట్టి లాగేవాడు. గోరు ఎక్కడైనా ఆగితే "మళ్ళీ చెయ్యి" అనేవాడు. ఆగకపోతే ఏమీ అనకుండా కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళేవాడు. గోడ అవతలి నుంచి మాత్రం పరాయి పిల్లల మీద శభాష్‌లు వర్షంలా కురిసేవి. పొరుగింటి పుల్లకూర రుచి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈయన రచ్చ గెలిచాడు, ఇంట్లో మ్యాచే పెట్టలేదు. 'మళ్ళీ చెయ్యి' అనకపోవడమే మెచ్చుకోలని ఆమె ఇన్నేళ్ళూ సరిపెట్టుకుంది.

సభ అయ్యాక బుల్లెట్ ఇంటికొచ్చాడు. ఒకప్పుడు కోచ్ గారి జట్టులో అందరికంటే వేగంగా పరిగెత్తి ఆ పేరు తెచ్చుకున్నవాడు. ఇప్పుడు క్లబ్బు కార్యదర్శి, మెట్లెక్కితే ఆయాసం.

"చెల్లెమ్మా, రెండు పనులమీద వచ్చాను. సార్ స్టిక్కు, ఈల పెట్టడానికి క్లబ్బులో అద్దాల బీరువా ఒకటి కావాలి. నువ్వే చెయ్యాలి."

"చేస్తానన్నా. రెండోది?"

"అదే, షెడ్డు. పిల్లలు బట్టలు మార్చుకోవడానికి గది లేదు కదా. సార్ ఎప్పుడో మాటిచ్చారు. అమ్మగారికీ తెలుసు."

ఆమె తల్లివైపు చూసింది. తల్లి మంచం అంచున కూర్చుని ఆయన చొక్కాలు మడతపెడుతోంది.

"ఆయన మాటంటే మాటే" అంది తల్లి, తలెత్తకుండా.

"మాటిచ్చారు సరే. ఏమని ఇచ్చారన్నా? ఉన్నదున్నట్టు చెప్పు."

బుల్లెట్ నవ్వాడు. "ఏముంది, 'ఖాళీ షెడ్డే కదరా, అక్కడ ఎవడు పనిచేస్తున్నాడు, తీసుకోండి' అన్నారు. సార్ మనసే అంత."

ఆమె చేత్తో తల సవరించుకుంది. చిత్రిక పొట్టు ఇంకా జుట్టులోనే ఉంది.

"అమ్మా, అప్పుడు నువ్వక్కడే ఉన్నావా?"

"టీ ఇస్తున్నాను."

"మరి నువ్వేమన్నావ్?"

తల్లి మడతపెట్టిన చొక్కానే విప్పి మళ్ళీ మడతపెట్టింది.

"అన్నా, నాన్న మాట తప్పించను" అంది కూతురు. "ఖాళీ షెడ్డు ఇస్తానన్నారు. మాది ఖాళీగా లేదు. పొద్దున్నుంచీ సాయంత్రందాకా అందులో నేనుంటాను. ఖాళీ షెడ్డు ఎక్కడుందో వెతుక్కోండి."

"అదేంటి చెల్లెమ్మా, పెద్దాయన మాట!"

"పెద్దాయన ఇన్నేళ్ళలో ఒక్కసారి ఆ షెడ్డులో ఎవరున్నారో చూసుంటే, ఆ మాట అనేవారు కాదు."

బుల్లెట్ టీ సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు. తల్లి అప్పుడు తలెత్తింది.

"ఇంత నోరుందని ఆయనుండగా తెలియలేదే."

"ఆయనుండగా నన్నెవరడిగారమ్మా?"

అప్పటినుంచీ తల్లి ఆమెతో ముక్తసరిగానే మాట్లాడుతోంది. తండ్రి మాట మట్టిలో కలిపిందని ఊళ్ళో అనుకున్నారు. షెడ్డు మాత్రం దక్కింది.

బీరువా మాత్రం చెప్పినట్టే చేసింది. టేకు చెక్క, ముందు అద్దం. క్లబ్బుకు చేర్చిన రోజు ప్రెసిడెంటు గారు ఈల లోపల పెట్టడానికి చెయ్యి చాపారు. చెయ్యి అలవాటుగా కుడివైపుకే వెళ్ళింది. అక్కడ పిడి లేదు, మడతబందులున్నాయి. కాసేపు తడుముకున్నారు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఇదేంటి, తలుపు తిరగేసి పెట్టావా?" అన్నాడు బుల్లెట్.

"నా చేతికి సరిగ్గానే ఉందన్నా. మీరే అలవాటు పడాలి. నేను పడలేదూ?"

స్టిక్కూ ఈలా లోపలికి వెళ్ళాయి. ఫోటోలకు అందరూ బయటికి నడిచారు. ఆమెను రమ్మన్నవాళ్ళు లేరు. ఒక్కతే నిలబడి బీరువా అతుకుల మీద గోరు పెట్టి పైనుంచి కిందికి లాగింది. ఎక్కడా ఆగలేదు. మళ్ళీ చెయ్యి అనడానికి ఇప్పుడు ఆయన లేడు. అంతకు మించి ఇంకో మాట ఆయనుండగానూ లేదు.

పనిముట్ల సంచి ఎడమ భుజానికి తగిలించుకుని షెడ్డుకు వెళ్ళిపోయింది.